గుమ్మం బయట పెట్టిన ముక్క

బ్యాగులో మరో తువ్వాలు మడిచి పెడుతుంటే తమ్ముడు నా చేతిలోంచి లాక్కున్నాడు.

"అక్కా, నేను వెళ్లేది ఆసుపత్రికి. ఈత పోటీలకి కాదు. ఇన్ని తువ్వాళ్లెందుకు?"

"ఒకటి తడిసిపోతే?"

"ఆరేసుకుంటాను."

"ఆరకపోతే?"

"తడిదాంతోనే తుడుచుకుంటాను. అయ్యాయా నీ ప్రశ్నలు?"

అవలేదు. ఎవరైనా ఇంట్లోంచి బయలుదేరుతున్నారంటే నా కాలు ఒకచోట నిలవదు. వంటింట్లోకి వెళ్లి ఎందుకు వచ్చానో మరిచిపోతాను. కిటికీ మూస్తాను, ఉక్కగా ఉందని మళ్లీ తెరుస్తాను. మా ఆయన ఒక సాయంత్రం చెప్పులేసుకుని "ఇప్పుడే వస్తా" అన్నాడు. వీధి మలుపులో లారీ ఉంది. అప్పటినుంచి ఎవరు ఊరికి వెళుతున్నా, నాకు అవసరమైన వస్తువు ఒకటి వాళ్ల చేతికి ఇచ్చి పంపడం అలవాటు చేసుకున్నాను. నా వస్తువు లేకపోతే నాకు గడవదు కాబట్టి వాళ్లు తెచ్చి ఇవ్వక తప్పదు. మా అమ్మాయి చదువుకోసం వెళ్లినప్పుడు నా కత్తెర పట్టుకెళ్లింది. అది సెలవులకి వచ్చేదాకా దారాలు పళ్లతో కొరికాను.

ఈసారి నేను సగం చదివిన నవల తమ్ముడి బ్యాగులో అడుగున పెట్టాను. సముద్రం మధ్య దీపస్తంభంలో కాపలా ఉండే మొగుడూ పెళ్లాల కథ అది. ఆమె పడవ ఎక్కనా మాననా అని మెట్ల మీద నిలబడ్డ చోట కాగితం ముక్క పెట్టి మూశాను.

"పుస్తకం కూడానా? నేను చదవను తల్లీ."

"నిన్ను చదవమనలేదు. తిరిగి తెమ్మన్నాను."

తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. వయసంతా పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టు గదుల పైన గ్రీజు పూసుకుని గడిపాడు. ఆ గ్రీజు చేతుల పుణ్యమే నా చదువు కూడా. నేను బడికి వెళ్లలేదు. కొత్తగా పనిలో చేరినప్పుడు వాడు తెచ్చిన హెచ్చరిక రేకుల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. నేను తప్పు లేకుండా చదివిన మొదటి వాక్యం "తలుపులు మూసుకునేటప్పుడు చేయి అడ్డు పెట్టరాదు". ఆ తర్వాత ఏది దొరికితే అది చదివాను. చదవడం వచ్చినందువల్ల నాకు ఒరిగింది భయం ఒక్కటే. ఆసుపత్రి వాళ్లు కొత్త మందు గురించి ఇచ్చిన చిన్న పుస్తకంలో రాగల ఇబ్బందులన్నీ రాసి ఉంటే, తమ్ముడు అన్నం తింటున్నప్పుడు వరసగా పైకి చదివాను. వాడు చేయి కడుక్కుని లేచిపోయాడు.

వాడికి ప్రోస్టేట్ క్యాన్సర్. ఆపరేషన్ అయింది, ఇంజెక్షన్లు అయ్యాయి, మాత్రలు అయ్యాయి. కొన్నేళ్లు తోక ముడుచుకుని పడుంది. ఇప్పుడు వెన్నెముకలోకి పాకింది. మాత్రలకి లొంగడం మానేసింది. మిగిలింది ఈ కొత్త మందే. ఇంతవరకూ మనిషికి ఇవ్వలేదు. రేపు పొద్దున తమ్ముడికే మొదట ఇస్తారు.

ఆ మందు తయారైంది మా అమ్మాయి పనిచేసే ల్యాబులోనే. మా అమ్మాయికి వాడు మేనమామ కదా, అందుకని ఆసుపత్రి వైపు పనుల్లో దాన్ని వేలు పెట్టనివ్వలేదు. దాని పని ల్యాబుతో సరి.

బ్యాగు జిప్పు వేస్తుండగా డ్రిల్లు మాస్టారు వచ్చారు. ఆయన తమ్ముడికి ఆసుపత్రి వరండాలో దొరికిన స్నేహితుడు. బళ్లో పిల్లల చేత కసరత్తు చేయించి రిటైరైన మనిషి. ఒంటరివాడు. అదే జబ్బు. నిజానికి మొదటి వంతు ఆయనదే. జలుబు చేసి ఒళ్లు వెచ్చబడిందని వెనక్కి జరిపి తమ్ముణ్ణి ముందు పెట్టారు.

"లిఫ్టుగారూ, నా సీటు కొట్టేసి పోతున్నారన్నమాట," అన్నారు కుర్చీ లాక్కుంటూ.

"మీరు తుమ్మారు, నేను ఎక్కాను. లిఫ్టు ఎవరికోసమూ ఆగదు మాస్టారూ."

"అది సరే గానీ, ఆ మందు ఎలా పనిచేస్తుందో డాక్టరమ్మ చెప్పింది. తల ఊపాను. ఒక్క ముక్క ఎక్కలేదు."

తమ్ముడు ఇలాంటి అవకాశం కోసమే కాచుక్కూర్చుంటాడు. ఒళ్లు సర్దుకుని కూర్చున్నాడు.

"ఈ మందు ఓ యాంటీబాడీ. అంటే వాచ్‌మన్ అనుకోండి. క్యాన్సర్ కణం ఒక ఫ్లాటు. దొంగ సరుకు ఫ్లాటు లోపలుంది. వాచ్‌మన్ లోపలికి పోలేడు. ఒళ్లు లావు, తలుపులో పట్టడు. ఎలా పట్టుకోవాలి?"

"తలుపు కొట్టాలి."

"తియ్యరు. కానీ ఈ కణాలకి ఓ అలవాటుందట. లోపలి సామాను పాతబడితే విరగ్గొట్టి, ఓ ముక్క పళ్లెంలో పెట్టి గుమ్మం బయట పెడతాయి. ఇది నాకు కొత్త కాదు. గుమ్మం బయట చెత్తబుట్ట చూసి ఏ ఇంట్లో చుట్టాలు దిగారో, ఏ ఇంట్లో మొగుడు అలిగి బయట తింటున్నాడో నేను చెప్పేవాణ్ణి. ఈ వాచ్‌మనూ అంతే. ఒక చేత్తో పళ్లెంలో ముక్క పట్టుకుంటాడు, రెండో చేత్తో దారినపోయే పోలీసుని ఈడ్చుకొస్తాడు. పోలీసులు మన రక్తంలోనే ఉంటారు. తలుపు బద్దలుకొట్టేది వాళ్లు."

"మరి వరండాలో అంతమందిని ఈ మందు మీకు పనికిరాదని ఎందుకు పొమ్మన్నారు?"

"అందరి పళ్లెం ఒకలా ఉండదు. ఈ వాచ్‌మన్‌కి ఒకే రకం పళ్లెం తెలుసు. మీదీ నాదీ ఆ రకమే. మన అమ్మలు ఒకే దుకాణంలో కొన్నారు."

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "వాచ్‌మన్ పొరపాటున వేరే ఫ్లాటు దగ్గర ఆగితేనో?" అన్నాను.

"ఇదిగో, మొదలుపెట్టింది," అన్నాడు తమ్ముడు.

అప్పుడే తలుపు తోసుకుని అమ్మాయి వచ్చింది. అది ఆ వేళకి వచ్చే మనిషి కాదు. ముందు దాని కాళ్ల వంక చూశాను. ల్యాబులో మాత్రమే తొడిగే నీలం రంగు రబ్బరు చెప్పులతోనే వచ్చేసింది.

"మామయ్యా, రేపు వెళ్లద్దు."

"ఏం, ఆసుపత్రికి సెలవా?"

"మందు ఆపించాను. మా మేడమ్‌కి చెప్పాను. ఆవిడ ఆసుపత్రికి ఫోన్ చేస్తోంది."

తమ్ముడు ఇంకా నవ్వు మొహంతోనే ఉన్నాడు. ఆ నవ్వును ఏం చేయాలో వాడికి తెలియలేదు.

అమ్మాయి నిలబడే చెప్పింది. మందు మనిషికి ఇచ్చేముందు వాళ్లు చేసే పని ఒకటుంది. కాలేయం, మూత్రపిండం, ఊపిరితిత్తి, గుండె, ఇలా ఒంట్లో ఉండే అన్ని రకాల కణాలనూ గిన్నెల్లో పెంచి, వాటి మీద మందూ, రక్తంలోంచి తీసిన పోలీసు కణాలూ పోసి, ఏ కణానికీ హాని జరగలేదని చూసుకోవాలి. చూశారు. దేనికీ ఏమీ కాలేదు.

"గుండెకి ఏమీ కాదని రాసింది నేనే," అంది.

"మరింకేం?"

"మేం చూసిన గుండె కణాలు కొట్టుకోవడం లేదు మామయ్యా. ఎవరి ల్యాబులోనైనా అవే వాడతారు. గిన్నె అడుగున అతుక్కుని ఊరికే పడుంటాయి. గుండె కొట్టుకునేటప్పుడు మాత్రమే తయారయ్యే పెద్ద ప్రోటీను ఒకటుంది. కొట్టుకోని కణంలో అది ఉండదు. లేనిదాని ముక్క గుమ్మం బయటికి ఎలా వస్తుంది? మాకు కనబడలేదు. పక్క బెంచీ వాళ్లు వేరే పనికోసం కొట్టుకునే కణాలు పెంచుతున్నారు. అడిగి తీసుకుని వాటి మీదా అలాగే పోశాను. పోసేటప్పుడు గిన్నెంతా టిక్కుటిక్కుమని కదులుతోంది. ఇవాళ చూస్తే కదలడం లేదు."

"క్యాన్సర్ ముక్కా, గుండె ముక్కా ఒకటేనా?" అన్నారు మాస్టారు.

"ఒకటి కాదు. కానీ చూడ్డానికి ఒకలాగే ఉంటుంది. మందు మోసపోయేంత."

"గిన్నె ఆగిపోతే నేను ఆగిపోవాలా?" తమ్ముడి గొంతు లేచింది. "నా గుండె ఇనుము. కావాలంటే చెవి పెట్టి విను."

"మీ గుండె బాగుంది కాబట్టే భయం. బాగా కొట్టుకుంటోంది కాబట్టే."

"నువ్వు గిన్నెలో గుండె చూశావు. నా వెన్ను చూశావా? పొద్దున్నే మంచం దిగడానికి నేను పట్టే కుస్తీ చూశావా?"

"చూశాను."

"చూసే వచ్చి ఈ మాట చెప్పావన్నమాట. వెళ్లు, నీ గిన్నెలు కడుక్కో."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "వచ్చే వారం నా వంతు. అదీ ఆగినట్టేనా అమ్మాయ్?"

"అందరిదీ ఆగినట్టే."

"ఎన్నాళ్లు?"

"తెలీదు మాస్టారూ. మందు మళ్లీ చెయ్యాలి."

ఆయన తల ఊపారు. ఈసారి ఆయనకు ప్రతి ముక్కా ఎక్కింది.

ఒక పక్క నాకు ప్రాణం లేచి వచ్చింది, రేపు వాడు వెళ్లడు. ఇంకో పక్క ఆ వెన్నులో ఉన్నది రేపటికోసం ఆగదు. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే కూర్చోవాలనిపించింది. తువ్వాళ్లు తీసి బీరువాలో పెడదామని బ్యాగు దగ్గరికి వెళ్లాను.

"ముట్టుకోకు," అన్నాడు తమ్ముడు. "అది అలాగే ఉండాలి."

అలాగే ఉంది. గుమ్మం పక్కన, చెప్పుల అర మీద. పొద్దున్నే వాడు జిప్పు తీసి గడ్డం కత్తి బయటికి తీసేవాడు. గీసుకుని, కడిగి, తుడిచి, మళ్లీ బ్యాగులోనే పెట్టి జిప్పు వేసేవాడు. ఆ జిప్పు చప్పుడు వింటే నాకు ఒళ్లు మండేది. విననిరోజు వాడింకా లేవలేదేమని తలుపు సందులోంచి తొంగి చూసేదాన్ని.

వానలు వచ్చాయి, వెళ్లాయి. ఆసుపత్రికి ఫోన్ చేస్తే కబురు చేస్తామనేవారు. ల్యాబులో అమ్మాయి వాళ్లు వాచ్‌మన్ చేతివేళ్లు మారుస్తున్నారు. ఆ రెండు ముక్కలకీ ఉన్న తేడా చాలా చిన్నదట. ఆ తేడా వేళ్లకి తెలిసేలా చేయాలి. ఒకసారి మార్చితే మందు గుండెను వదిలేసింది గానీ క్యాన్సర్‌ను కూడా వదిలేసింది. ఇంకోసారి మార్చితే రెండింటినీ పట్టుకుంది. అమ్మాయి ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టేది.

తమ్ముడు దానితో మాట మానేశాడు. ఒకే బల్ల దగ్గర కూర్చుని నన్ను మధ్యవర్తిని చేశారు.

"అక్కా, నీ కూతుర్ని ఆ ఉప్పు ఇటు జరపమను."

"అమ్మా, మీ తమ్ముడికి ఉప్పు తగ్గించమన్నారని చెప్పు."

"అక్కా, చచ్చేవాడికి ఉప్పెంతైనా ఒకటేనని చెప్పు."

"మీరిద్దరూ కలిసి నన్ను చంపుతారు," అనేదాన్ని నేను.

మాకు ఊపిరాడేది మాస్టారు వచ్చినప్పుడే. ఆయన వారానికోసారి బస్సు దిగి, చంకలో చదరంగం బల్లతో వచ్చేవారు. తమ్ముడు ఏనుగును ఏటవాలుగా నడిపినా పట్టించుకునేవారు కాదు. "లిఫ్టు పక్కకి కూడా పోతుందన్నమాట," అని నవ్వేవారు. నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి కసరత్తు చేయించేవారు. "అక్కగారూ, చేతులు పైకి, ఊపిరి లోపలికి, భయం కిందికి!" నేను చేతులు ఎత్తేదాన్ని. భయం మాత్రం ఉన్నచోటే ఉండేది.

మొదట్లో ఆయన మెట్లెక్కి వచ్చేవారు, కసరత్తు అని. తరవాత తరవాత లిఫ్టు ఎక్కడం మొదలుపెట్టారు. తుంటి నొప్పి అని చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఒక సాయంత్రం మా భవనం లిఫ్టు మా అంతస్తుకు కాస్త కిందగా ఆగిపోయింది. లోపలినుంచి గంట మోగుతోంది. మాస్టారు అప్పుడే వెళ్లబోతూ మెట్ల మీద కూర్చున్నారు. తమ్ముడు చేతికర్ర పట్టుకుని బయటికి వచ్చాడు, యుద్ధానికి పిలుపు వచ్చినవాడిలా.

"ఎవరది లోపల?"

"నేనే మామయ్యా."

తమ్ముడు కర్ర ఇటు మార్చుకున్నాడు, అటు మార్చుకున్నాడు. వెనక్కి వస్తాడేమో అనుకున్నాను.

"తలుపు లాగావా?" అన్నాడు చివరికి.

"లాగాను."

"చదువుకున్నవాళ్లు చేసే పనే అది. వదిలెయ్. మధ్యలో నిలబడు. గాలి ఆడుతోందా?"

"ఆడుతోంది."

"కంపెనీవాడు దారిలో ఉన్నాడు. నాకు ఓపికుంటే ఈపాటికి పై గదిలోకి ఎక్కి దించేవాణ్ణి. కేబుల్ తెగదు, భయపడకు."

"భయం లిఫ్టు గురించి కాదు. మీరు అక్కడే ఉన్నారా?"

"ఎక్కడికి పోతాను?"

తరవాత తలుపు అవతలినుంచి దాని గొంతు, ఎప్పటినుంచో ఎవరికో చెప్పాలని దాచుకున్నట్లు, ఆగకుండా వచ్చింది.

"మామయ్యా, ఆ పరీక్ష నేను చెయ్యాల్సింది కాదు. గుండె సంగతి తేలిపోయిందని అందరం సంతకాలు పెట్టేశాం. ఆ వారం ఇంటికొస్తే అమ్మ మీ బ్యాగు తీసి దుమ్ము దులుపుతోంది. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు. అన్నీ మళ్లీ తిరగేశాను. మేం చూసిన కణాలు కొట్టుకోవడం లేదు కదా అని అప్పుడు తట్టింది. మొదటి వంతు మీది కాకపోతే నాకు తట్టేది కాదు. మాస్టారిదే మొదటి వంతయి ఉంటే, హాయిగా నిద్రపోయేదాన్ని. ఆయనకి ఇచ్చేసేవాళ్లు. ల్యాబులో అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. వాళ్లకి ఈ మాట చెప్పలేదు."

నేను మాస్టారి వంక చూడలేకపోయాను. గోడకి అతికించిన రేకు చదువుతూ నిలబడ్డాను.

తమ్ముడు లిఫ్టు తలుపు మీద అరచెయ్యి ఆనించాడు. "ఒసేయ్ కోడలా," అన్నాడు మెల్లగా. "మాస్టారు ఇక్కడే మెట్ల మీద ఉన్నారే."



మాస్టారు రెయిలింగు పట్టుకుని లేచారు. "అమ్మాయ్, వినబడుతోందా? ఆ జలుబుకి నేను కషాయాలు తాగి మరీ తిట్టుకున్నాను. దానికి దండ వెయ్యాల్సింది." ఆగి, ఊపిరి పీల్చుకున్నారు. "నువ్వు మీ మామయ్య కోసం చూశావు. నేను అతని వెనక నిలబడ్డాను కాబట్టి నాకూ కలిసొచ్చింది. వరసలో నిలబడ్డం నేర్పేది మేమే కదా. లిఫ్టుగారూ, బయటికొచ్చాక దానికి కాస్త టీ ఇప్పించండి."

కంపెనీవాడు వచ్చి తీసేసరికి టీ కాచి ఉంచాను. అమ్మాయి మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. తమ్ముడు చక్కెర డబ్బా తనే దాని ముందుకు జరిపాడు, నా ద్వారా కాకుండా.

చలి మొదలయ్యాక మాస్టారు ఒంటరిగా ఉండలేకపోయారు. వేరే ఊళ్లో ఉన్న చెల్లెలు వచ్చి తీసుకెళతానంది. రైలుకి వెళుతూ దారిలో మా ఇంటి దగ్గర ఆగారు. చెల్లెలు కింద ఆటోలో ఉంది. ఆయన చేతిలో చిన్న సంచి, బట్టలు కూడా సరిగా పట్టనంత చిన్నది.

"ఇంతేనా సామాను?" అన్నాను.

"తువ్వాలు ఒక్కటే. మీరు చూడకూడదనే జిప్పు వేసేశాను."

నాకు కాలు నిలవలేదు. వంటింట్లోకి వెళ్లాను, వచ్చాను. తమ్ముడి బ్యాగు జిప్పు తీసి అడుగునుంచి నవల లాగాను.

"ఇది సగం దాకా చదివాను. కాగితం పెట్టిన చోటినుంచి మీరు చదవండి. ఆవిడ పడవ ఎక్కిందో లేదో నాకు చెప్పకండి. పుస్తకం తెచ్చివ్వండి, నేనే చదువుకుంటాను."

మాస్టారికి నా అలవాటు తెలుసు. పుస్తకం రెండు చేతులతో అందుకున్నారు. "అక్కగారి వస్తువు. పోగొట్టుకుంటే గుంజీళ్లు తీయిస్తారు."

తమ్ముడు మంచం మీదినుంచే అరిచాడు. "మాస్టారూ, కబురు రాగానే ఫోన్ చేస్తాను. పక్కపక్క మంచాలు అడుగుతాను."

"మొదటి వంతు నాదేనని వాళ్లకి గుర్తుచెయ్యండి. ఈసారి నాకు జలుబు లేదు."

గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మాయి భుజం మీద ఆయన చెయ్యి వేశారు. "తొందరపడకు అమ్మాయ్," అన్నారు. లిఫ్టు వైపు రెండు అడుగులు వేసి వెనక్కి తిరిగారు. "కానీ కాస్త తొందరగా."

ఆ మాటకి అది నవ్వింది. ఆయన కనబడకుండా పోయేదాకా నవ్వు మొహంతోనే నిలబడి, ఆ తరవాత గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

చలి తగ్గేవేళకి వేళ్లు కుదిరాయి. మందు క్యాన్సర్ ముక్కను పట్టుకుంది, గుండె ముక్కను వదిలేసింది. కొట్టుకునే కణాల గిన్నె మందు పోసినా కొట్టుకుంటూనే ఉంది. అమ్మాయి ఫోన్లో తీసి చూపించింది. పాలమీగడలాంటి పలచని పొర, చిన్నపిల్ల కనురెప్పలా అదురుతోంది. "ఇంకోసారి చూడరాదూ?" అన్నాను. "చూశాం అమ్మా. మళ్లీ చూశాం. మేడమ్ వద్దన్నా మళ్లీ చూశాను," అంది. ఆ మళ్లీ మళ్లీకి పట్టే రోజుల గురించి ఎవరమూ ఏమీ అనలేదు.

ఆసుపత్రినుంచి కబురు వచ్చింది. తమ్ముడు మాస్టారికి ఫోన్ చేశాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. "రైల్లో ఉన్నాడేమో. ఆసుపత్రివాళ్లు ముందే చెప్పుంటారు," అన్నాడు.

బ్యాగు వాడే సర్దుకున్నాడు. సర్దడానికేముంది, సర్దే ఉంది. పుస్తకం లేదు కాబట్టి ఇవ్వడానికి నాకు వేరే వస్తువు తోచలేదు. కళ్లద్దాలు తీసి వాడి చొక్కా జేబులో పెట్టాను.

"పిచ్చా నీకు? బస్సు నంబరు ఎలా చూస్తావు?"

"నువ్వొచ్చి చూపిద్దువుగాని."

ఆ తెలివికి ఫలితం ఆసుపత్రిలో అనుభవించాను. తమ్ముడి గుండెకు తీగలు అంటించి పక్కన తెర పెట్టారు. దాని మీద అంకెలు మెరుస్తున్నాయి, నాకు ఒక్కటీ కనబడలేదు. చదవడం నేర్చుకున్నాక అక్షరం అందకుండా కూర్చోవడం అదే మొదలు. కళ్లద్దాలు వాడి జేబులో ఉన్నాయి, చొక్కా బీరువాలో ఉంది, అడిగి తీసుకోవచ్చు. తీసుకోలేదు. ఇంటికి వచ్చేదాకా తీసుకోకూడదు. నర్సు వచ్చినప్పుడల్లా "ఎంతుందమ్మా?" అని అడిగాను. ఆవిడ మొదట అంకె చెప్పింది, తరవాత "బాగుంది" అంది, ఆ తరవాత నన్ను చూడగానే "బాగుందండీ బాగుంది" అంటూ గదిలోకి వచ్చేది.

మందు చుక్కలు చుక్కలుగా ఎక్కింది. సాయంత్రానికి తమ్ముడికి చలి పుట్టింది. మంచం కూడా వణికింది. పోలీసులు వచ్చినప్పుడు ఈ గొడవ ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. చెప్పినా వణుకు వణుకే. దుప్పటి మీద దుప్పటి కప్పాను. తెచ్చిన తువ్వాళ్లన్నీ చెమటకి తడిసిపోయాయి, ఒక్కటీ మిగల్లేదు. ఆ సంగతి వాడికి తరవాత చెబుదామని మనసులో పెట్టుకున్నాను.

అమ్మాయిని లోపలికి రానివ్వలేదు. తలుపు అద్దానికి అవతల నిలబడి, చెయ్యి గుండె మీద పెట్టుకుని సైగ చేసి అడిగింది. కొట్టుకుంటోందా అని. నేను తెర వంక చూశాను. అలుక్కుపోయిన ఆకుపచ్చ గీత పైకి లేస్తోంది, దిగుతోంది. తల ఊపాను.

గదిలో రెండో మంచం ఉంది. తెల్లటి దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. చలి కాస్త తగ్గాక తమ్ముడు అటు తిరిగి చూశాడు.

"మాస్టారు ఇంకా రాలేదేం?"

"వస్తారు. పడుకో."

మర్నాడు నర్సు వచ్చి ఆ దుప్పటి తీసి మడిచింది. నేను వరండాలోకి వెళ్లి మాస్టారి నంబరుకి ఫోన్ చేశాను. ఈసారి చెల్లెలు ఎత్తింది. నేనెవరో చెప్పకముందే "పుస్తకం మీదేనా అండీ?" అంది. మిగతాది ఆవిడ చెప్పింది, నేను విన్నాను. అమ్మాయి నా పక్కకి వచ్చి నిలబడింది. నా మొహం చూసి ఏమైందని అడగలేదు.

"ఎప్పుడు?" అంది.

చెప్పాను. అది మనసులో వెనక్కి లెక్క వేసుకుంది. పెదవులు కదిలాయి. తరవాత నా చేతిలో ఖాళీ టీ కప్పు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లి, అందులో ఏమీ లేకపోయినా చాలాసేపు కడిగింది.

తమ్ముడు శనివారం మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నా కళ్లద్దాలు నా చేతిలో పెట్టాడు. మందు ఎంతవరకు పనిచేసిందో ఇంకా కొన్ని పరీక్షలయితే గానీ చెప్పలేమన్నారు. బ్యాగు చెప్పుల అర మీదే ఉంది, వచ్చే వారం మళ్లీ వెళ్లాలి.

డ్రిల్లు మాస్టారు తిరిగి రాలేదు. ఆసుపత్రినుంచి కబురు రావడానికి ముందు ఆదివారం పొద్దున, చెల్లెలింట్లో పోయారు.